మూడోసారి మూడో తరగతి

"మీరు కాసేపు బయట ఉండండమ్మా" అన్నారు ఇనస్పెక్టరుగారు. మర్యాదగానే అన్నారు, తలుపు కూడా ఆయనే దగ్గరగా వేసుకున్నారు, నా చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఈ సుద్దముక్కతో బయట నేనేం చెయ్యను, వేపచెట్టు మీద ఎక్కాలు రాయనా? నా బడి, నా పిల్లలు, నేను మాత్రం బయట. ఇదంతా పోయినేడు వచ్చిన ఇనస్పెక్టరు పుణ్యం. 'పిల్లలు జవాబు చెప్పునప్పుడు ఉపాధ్యాయురాలు తానును పెదవులు కదుపుచున్నది' అని రిపోర్టులో రాసిపోయాడు మహానుభావుడు. కదుపుతాను మరి. బిడ్డకు ముద్ద పెట్టే తల్లి తను కూడా నోరు తెరుస్తుంది, ఆ ముద్ద తను తిందామనా తెరుస్తుంది? ఈ కొత్తాయన జగన్నాథరావుగారు ఆ రిపోర్టు చదువుకునే వచ్చినట్టున్నారు. రాగానే అందరిలా మొహం కేసి కాదు, నా నోటి కేసి చూశారు. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది, ఈ రెండూ ఒకేసారి వస్తే నా చెవులు వేడెక్కుతాయి, ఇప్పటికీ వేడిగానే ఉన్నాయి.

లోపల ఒకటో తరగతితో మొదలుపెట్టారు. మాటలు తెలియడం లేదు, గొంతులు మాత్రం తెలుస్తున్నాయి, మట్టిగోడ మందం అలాంటిది. పొడుగ్గా ఆయన గొంతు ఒకటి, వెంటనే పిల్లల గొంతులన్నీ కలిసి. మళ్లీ ఆయన, మళ్లీ వాళ్లు. ఏం అడుగుతున్నారో. మూసిన తలుపు వెనక ఏం జరుగుతోందో తెలుసుకోకుండా ఉండలేకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు, దానికి మందు బెజవాడ ట్రైనింగు స్కూల్లో కూడా దొరకలేదు. ఈరోజు మాత్రం ఉత్త ఆరాటం కాదిది. మా మిషను బడికి మూడో తరగతి దాకానే అనుమతి. నాలుగు, అయిదు కూడా కావాలని మా శాంతయ్య అయ్యగారు, ఆయన మాకు పాస్టరే కాదు ఈ చుట్టుపక్కల మిషను బళ్లన్నిటికీ మేనేజరు కూడా, నందిగామ నుంచి ఏళ్ల తరబడి అర్జీలు పెడుతూనే ఉన్నారు. ఇన్నాళ్లకు పైనుంచి జవాబు వచ్చింది. ఇనస్పెక్టరు స్వయంగా చూసి మూడో తరగతి పిల్లలు పై తరగతికి తగినవాళ్లని రాస్తే అప్పుడు ఆలోచిస్తారట. అంటే ఈ గోడ అవతల ఇప్పుడు వినపడీ వినపడక నడుస్తున్న మాటలే మా పల్లెలో ఆడపిల్లల చదువు ఎక్కడ ఆగాలో తేల్చేస్తాయి. నేనేమో ఇక్కడ వేపపుల్ల విరుస్తూ నిలబడ్డాను.

ఇనస్పెక్టరుగారి బంట్రోతు బాలస్వామి వసారా చివర సైకిలుకు ఆనుకుని చుట్ట ముట్టించుకున్నాడు. ఇద్దరూ జగ్గయ్యపేట బస్సు దిగి రోడ్డు మీద సైకిలు అద్దెకు తీసుకుని వచ్చారు, ఆయన తొక్కితే ఈయన వెనక కూర్చున్నాడా, ఈయన తొక్కితే ఆయన కూర్చున్నారా, అదీ తెలుసుకోవాలనే ఉంది నాకు. అది అడగలేక ఇది అడిగాను.

"లోపల ఏం అడుగుతారండీ పిల్లల్ని?"

"ఒక్కోచోట ఒక్కోటమ్మా. ఈయన పద్ధతి ఎవురికీ అంతుబట్టదు. మొన్న చెవిటికల్లు వైపు పోయాం. ఒక్క పుస్తకం తెరవలా. పిల్లల్ని బయటికి తీసుకొచ్చి, కృష్ణ ఎటునించి ఎటు పారిద్దో చెయ్యి పెట్టి చూపియ్యమన్నాడు."

"చూపించారా?"

"పిల్లకాయలు బాగానే చూపిచ్చారు. పంతులే తడబడ్డాడు" అని పొగ వదిలాడు.

మా పిల్లలకు మా ఊరి పక్క ఏరు, ఆ మునేరు ఎటు పారుతుందో నేనెప్పుడూ చెప్పలేదే అనుకున్నాను. ఆ వెంటనే, చెప్పడమేమిటి, పుట్టినప్పటి నుంచీ అందులో మునుగుతున్నారు గదా అనిపించింది. అసలు వీళ్లు దేన్ని చూసి బడిని తూకం వేస్తారు? ఇది నేను లంగా కట్టుకునే వయసు నుంచీ ఆలోచిస్తున్న సంగతి. నేను చదివిన మిషను బడికి ఏడాదికొకసారి ఒక దొరసానమ్మ వచ్చేది. ఆవిడ పుస్తకాల జోలికే పోయేది కాదు. వరసగా నిలబెట్టి గోళ్లు చూసేది, జడ పైకెత్తి మెడ వెనక చూసేది, తరవాత ఒక్కొక్కరి చేతికీ సూదీ దారమూ ఇచ్చి ఎక్కించమనేది. ఎక్కించిన పిల్ల మంచి పిల్ల, ఎక్కించలేని పిల్ల మీద జాలిపడి తల నిమిరేది. మా మేష్టరు ఆ వారమంతా పాఠాలు మానేసి మాచేత సూదుల్లో దారాలు ఎక్కించేవాడు. అచ్చులు సరిగా రాని నేను మూడేళ్లు వరసగా ఆ పరీక్షలో ఫస్టు వచ్చాను. మరి ఆవిడ తన ఊరికి ఏమని రాసేదో, ఆ ఉత్తరాల్లో మేము ఎలాంటి పిల్లలుగా ఉండేవాళ్లమో, ఆ దేశంలో ఎవరో ఆ రాతలు చదివి రత్నమణి అనే పిల్ల గురించి ఏమనుకున్నారో, ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంటుంది. ఆ బడి మంచిదా చెడ్డదా అంటే నేను చెప్పలేను. దారం మాత్రం చీకట్లో కూడా ఎక్కిస్తాను.

శాంతయ్య అయ్యగారి లెక్క మళ్లీ వేరు. ఆయన వచ్చారంటే పది ఆజ్ఞలు ఎంతమందికి వచ్చు, ఆదివారం గుడికి ఎంతమంది వస్తున్నారు. మాది గుడీ బడీ ఒకే గది. ఆదివారం ఆ చివర బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఆరాధన చేస్తాం, సోమవారం తెర లాగేసి ఇటువైపు మూడు తరగతులు కూర్చోబెడతాను. పల్లె మొత్తం ఒకే గదిలో ప్రార్థన చేసి, ఒకే గదిలో అ ఆలు దిద్దుకుంటుంది. సర్కారు ఇనస్పెక్టరు వచ్చినప్పుడు ఆజ్ఞలు చదివించకూడదు, అయ్యగారు వచ్చినప్పుడు చదివించకపోతే ఊరుకోరు, ఎవరొచ్చారో చూసుకుని పిల్లలే సర్దుకుంటారు, నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. ఊళ్లో మోతుబరులకు మా బడి సెలవులప్పుడు మంచిది, మిరపకోతలప్పుడు చెడ్డది. ఇక తల్లుల సంగతి. మొన్న జనాభా లెక్కలకు నన్నే వేశారు, ఇల్లిల్లూ తిరిగి చదవను రాయను వచ్చా అని అడిగి రాసుకోవాలి. ఆరోగ్యమ్మ ఎండు మిరపకాయలు ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "నాకు రాదు. మా జయకి వచ్చు. అదే రాసుకో" అంది. అలా కుదరదమ్మా, నీది నీకే రాయాలి అంటే, "ఆ పిల్లకి వస్తే నాకొచ్చినట్టు కాదా, ఏం లెక్కలు మీయి" అని విసుక్కుంది. ప్రభుత్వం వారి కాగితంలో ఆవిడ మాట పట్టే గడి లేదు. నాకు మాత్రం ఇన్నేళ్లలో మా బడి మీద ఎవరూ ఇంత మంచి రిపోర్టు ఇవ్వలేదనిపించింది, ఇంటికి వచ్చాక అన్నం తింటూ అదే తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

రెండో తరగతిలోకి వెళ్లారు. ఎలా తెలిసిందంటే పలకలు తీసిన చప్పుడు. లెక్క ఇచ్చి ఉంటారు. వీశెల లెక్కా, కిలోల లెక్కా? పుస్తకం మారిపోయి కిలోలు వచ్చాయి, పిల్లల ఇళ్లలో ఇంకా వీశెలే ఉన్నాయి, నేను రెండూ చెబుతున్నాను, రెండూ కలిపి చంపుతున్నాను కూడా. ఒక పలక కింద పడింది, నాపరాయి మీద పడ్డ పలక చప్పుడు వేరు, పగిలిందేమో. ఎవరో నవ్వారు. ఆయన కూడా నవ్వారు! ఇనస్పెక్టరు నవ్వడం నేనెప్పుడూ వినలేదు. గోడకు చెవి ఆనించాను, బాలస్వామి చూసి దగ్గాడు, తీసేశాను.

పరవాలేదు, రెండో తరగతి గట్టెక్కినట్టే ఉంది. భయమంతా మూడో తరగతి గురించే, ఆ భయం వాళ్లకు పాఠాలు రావని కాదు, అక్కడే ఉంది చిక్కు. పొద్దున బల్ల దగ్గర కూర్చుని హాజరుపట్టీ చూస్తూ ఆయన అడిగారు, "ఏమిటమ్మా ఇది, మూడో తరగతిలో సగం మంది ఫెయిలయినవాళ్లేనా? ఈ జయమణి మూడోసారి కూర్చుందే?" నేను నోరు తెరిచేలోపే అయ్యగారు పంపిన పాలపొడి డబ్బాల సంగతి అడిగారు, ఆ తరవాత బయటికి వెళ్లమన్నారు. ఏం చెప్పేదాన్ని నోరు తెరిచుంటే? ఆ పిల్లలెవరూ ఫెయిలవలేదండీ, నేనే ఫెయిలని రాశాను అననా? మూడో తరగతి పాసైతే పేరు కొట్టెయ్యాలి, అది రూలు. పేరు కొట్టేస్తే ఎక్కడికి పంపను? ఊళ్లో పంచాయతీ సమితి వారి బడి ఉంది, అయిదు దాకా ఉంది, మా పల్లె పిల్లలు అందులో చదవకూడదని రూలేమీ లేదు. మూడేళ్ల కిందట ఇద్దరాడపిల్లల్ని పాసు చేసి, తలలు దువ్వి, నేనే తీసుకెళ్లి చేర్పించి వచ్చాను. వారం తిరక్కుండా వచ్చేశారు. కొట్టారా అంటే లేదండీ అన్నారు, తిట్టారా అంటే లేదండీ అన్నారు. చాలాసేపటికి అందులో చిన్నది, "మంచినీళ్లు దోసిట్లో పోస్తన్నారండీ, మిగతావాళ్లకి గలాసు" అంది. మర్నాటి నుంచి ఇద్దరూ మిరపచేలోకి పోయారు. నాకు ఆరోజు వచ్చినంత కోపం జన్మలో రాలేదు, కోపంతో ఏం చెయ్యాలో తెలియలేదు, వచ్చి నా బళ్లో మూడో తరగతి పట్టీ ముందేసుకున్నాను. ఆ ఏడాది నుంచి ఇంట్లోవాళ్లు ఇంకా బడికి పంపుతామన్న పిల్లను ఒక్కదాన్నీ పాసు చెయ్యలేదు. మూడో తరగతిలోనే కూర్చోబెట్టి నాలుగో తరగతి లెక్కలు చెబుతున్నాను, పుస్తకం లేకపోతే బోర్డు మీద రాస్తున్నాను. అయ్యగారికి చెబితే, "ఆ పట్టీ సంగతి నాకు తెలియదమ్మా" అని అటు తిరిగి సైకిలు ఎక్కారు, ఎక్కేముందు నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లారు.

ఇప్పుడు ఆలోచిస్తే అసలు నేను ఏం కోరుకోవాలో కూడా తెలియడం లేదు. వాళ్లు బాగా చెప్పారనుకో, ఇంత వచ్చిన పిల్లల్ని ఫెయిలని ఎందుకు రాశావమ్మా అంటారు, దొంగ పట్టీ అంటారు, నా ఉద్యోగం మాట అటుంచి బడికే మచ్చ. చెప్పలేకపోయారనుకో, మూడేళ్లు మూడో తరగతిలో పెట్టి కూడా ఏమీ నేర్పలేని బడికి నాలుగో తరగతి ఎందుకు అంటారు, అదీ న్యాయమే. ప్రార్థన చేద్దామన్నా ఏమని చెయ్యను, ప్రభువా పిల్లలు బాగా చెప్పాలి గాని మరీ బాగా చెప్పకూడదు అనా? నాకే నవ్వొచ్చింది. కాదు, బాగా చెప్పాలి. ఏమైనా కానీ. జయ నోరు విప్పితే ఆయన సైకిలు కూడా మర్చిపోతారు. ఆ పిల్ల ప్రశ్నలకు నేనే రాత్రిళ్లు పుస్తకాలు వెతుక్కుంటున్నాను. వాన నీళ్లు చప్పగా ఉంటాయెందుకండీ, మిరపకాయ పచ్చగా ఉన్నప్పుడు కారం ఎక్కువా ఎర్రబడ్డాక ఎక్కువా, దానికి ఎవరు చెప్పారండీ ఎర్రబడమని. పదకొండేళ్లది, నా భుజం దాకా వచ్చింది, మూడో తరగతి వరసలో కూర్చుంటే ముందున్న పిల్లల మీద దాని తల ఒక్కటే కనిపిస్తుంది.

లోపల మూడో తరగతి లేచింది. లేచిన చప్పుడు నాకు తెలుసు. ఆయన అడిగారు. నిశ్శబ్దం. ఆలోచిస్తున్నారేమో. మళ్లీ అడిగారు, ఈసారి కొంచెం మెల్లగా, విడమరిచి. నిశ్శబ్దం. ఇంకొకరిని అడిగినట్టున్నారు. ఏమీ లేదు. వేపచెట్టు మీద కాకి ఒకటి అరుస్తోంది, దాన్ని గదమాయించాలనిపించింది, అది అరవడం వల్ల నాకు వినపడడం లేదేమోనని. కాకి ఎగిరిపోయింది. అయినా ఏమీ వినపడలేదు. ఏమిటిది? పుస్తకం ఇచ్చి చదవమన్నారేమో, ఆ పుస్తకం వాళ్లకు నోటికి వచ్చు, తలకిందులుగా పట్టుకున్నా చదువుతారు. భయపడ్డారా? ఒకటో తరగతి పసివాళ్లు గొంతు కలిపి చెప్పారే, రెండో తరగతి నవ్వించారే, వీళ్లు ఇద్దరు ఇనస్పెక్టర్లను చూసినవాళ్లు, వీళ్లకేం భయం? పడిశెం పట్టిందా అందరికీ ఒకేసారి? నా పెదాలు కదులుతున్నాయి. బయట నిలబడి, ప్రశ్న ఏమిటో తెలియకుండా, జవాబు కోసం కదుపుతున్నాను. బాలస్వామి చుట్ట నోట్లోంచి తీసి నన్నే చూస్తున్నాడు.

పొద్దున! పొద్దున నూతి దగ్గర ఆ నలుగురైదుగురు ఆడపిల్లలు తలలు దగ్గర చేర్చి గుసగుసలాడుకున్నారు. నేను వెళ్లేసరికి విడిపోయారు. "ఏంటే జయా" అంటే, "ఏం లేదండీ. ఇయ్యాల మీరేం బెంగపడమాకండి. మేం చూసుకుంటాంగా" అంది. నాకు ఎంత ధైర్యం వచ్చిందో ఆ మాటకు. బాగా చెబుతారు, తయారయ్యారు అనుకున్నాను. పెద్దమనిషిలా ఎలా అందో చూడు అని మురిసిపోయాను కూడా. చూసుకుంటాం అంటే ఏం చూసుకుంటారు? పోయినేడు బళ్లు మూసేముందు ఆరోగ్యమ్మ కళ్లంలో ఉంటే వెళ్లాను, మిరపకాయల ఘాటుకు తుమ్ముతూనే మాట్లాడాను. "అమ్మా, జయను పాసు చేస్తే ఇక బడికి పంపడానికి లేదు, అందుకని ఈసారి కూడా ఫెయిలని రాశాను, ఏమీ అనుకోకు" అన్నాను. ఆవిడ, "చదువుకుంటానికి ఫెయిలవ్వాలా, బాగానే ఉంది" అని నవ్వింది. పక్కనే జయ కాయల తొడిమలు తీస్తోంది. తల ఎత్తలేదు. చేతులు మాత్రం కాసేపు ఆగాయి. ఆ చేతులు ఆగడం నేను చూశాను, చూసి ఊరుకున్నాను, మనకు పని ఉన్నప్పుడు పిల్లల చేతులు ఎందుకు ఆగాయో ఎవరు ఆలోచిస్తారు.

దేవుడా. వాళ్లకు అన్నీ వచ్చు. వచ్చినా చెప్పడం లేదు.

తలుపు తెరుచుకుంది. జగన్నాథరావుగారు కళ్లజోడు తీసి, తుడుచుకుంటూ బయటికి వచ్చారు. కోపంగా లేరు. వంటలో ఏదో తక్కువైంది గాని ఏమిటో తెలియని మనిషి మొహంలా ఉంది.

"అమ్మా, పాతిక సంవత్సరాలుగా బళ్లు చూస్తున్నాను. పైకి పోయేకొద్దీ పిల్లలకు ఎక్కువ రావాలి కదా. మీ బళ్లో ఒకటో తరగతి బ్రహ్మాండం. రెండో తరగతి బాగుంది. మూడో తరగతికి తన పేరు కూడా తెలియదంటోంది! ఆ పొడుగుపిల్లను, రెండూ మూడూ ఎంతమ్మా అంటే తెలవదండి అంది. నా కళ్లలోకి చూస్తూ చెప్పింది. తెలియని పిల్ల అలా చూడదు. ఏమిటిది?"

నేను నోరు తెరిచాను. ఆయన వెనకే ఒకటో తరగతి ప్రేమకుమారి, ముక్కు కారుతూ, ఆయన పంచె చెంగు దాకా వచ్చి నిలబడింది. ఈ పిల్లకు బయటికి రమ్మని ఎవరు చెప్పారు.

"ఆళ్లకి వచ్చండీ" అంది. "చెబితే పాసయిపోతారంటండీ. పాసయితే బళ్లోంచి పంపిచ్చేత్తారంటండీ. అందుకని చెప్పొద్దంది జయక్క. మాకు చెప్పొచ్చంది, మేం చిన్నోళ్లం గదండీ."

లోపల ఎవరో "ఒసే ప్రేమా" అన్నారు. ఆయన ఆ పిల్ల కేసి, తరవాత నా కేసి చూశారు. ఇక నేను దాచలేదు. పట్టీ సంగతి, సమితి బడి సంగతి, దోసిట్లో నీళ్ల సంగతి, ఒక్క గుక్కలో చెప్పేశాను. నీళ్ల మాట దగ్గర ఆయన కళ్లజోడు తుడవడం ఆగిపోయింది.

"పాసైన పిల్లను ఫెయిలని రాయడం తప్పమ్మా."

"తెలుసండీ."

"నేను లోపల చూసిందే రాయాలి. ఇప్పటివరకు చూసింది రాస్తే మీకు నాలుగో తరగతి రాదు. వాళ్లు చదివారనుకోండి, తగినవాళ్లని రాస్తాను. కాని ఒకసారి నా చేత్తో తగినవాళ్లని రాశాక, వాళ్లను మళ్లీ మూడులో కూర్చోబెట్టడానికి మీకు లేదు. పైవాళ్లు నాలుగో తరగతి ఇస్తే సరే. ఇవ్వకపోతే ఆ పిల్లలు ఇంటికే. ఇవ్వడం నా చేతిలో లేదు. అది చెబుతున్నాను."

ఇంత సూటిగా చెప్పిన ఇనస్పెక్టరును నేను చూడలేదు. ఆయన మీద కోపం రావాలి, రాలేదు. లోపలికి వెళ్లాను. మూడో తరగతి నిలబడే ఉంది. అందరూ నేల మీద నాపరాళ్ల సందులు లెక్కపెడుతున్నారు, జయ ఒక్కతే నా కేసి చూస్తోంది. దాని మొహంలో నాకు ఒక గర్వం కనిపించింది, మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను అన్నట్టు. నాకు దాన్ని దగ్గరకు తీసుకోవాలనిపించింది, రెండు దెబ్బలు వెయ్యాలని కూడా అనిపించింది.

"జయా, పుస్తకం తియ్యి. చదువు."

"చదివితే పోవాలాండీ నేను?"

గది మొత్తం నా కేసి తిరిగింది. పోనక్కర్లేదు అనొచ్చు, ఎంతసేపు పడుతుంది ఆ మాట. ఆయన కూడా వింటున్నారు, ఆయనేమీ అడ్డం రారు. కాని ఈ పిల్ల నా మాట నమ్మే కదా రెండూ మూడూ తెలియదని చెప్పింది.

"నాకు తెలియదమ్మా" అన్నాను. "ఉండనిస్తారేమో. పంపించేస్తారేమో. చదివితేనే తేలుతుంది. చదవకపోతే మాత్రం ఇక్కడ నాలుగో తరగతి ఎప్పటికీ రాదు."

జయ ఆలోచించింది. ఎంతసేపు ఆలోచించిందో, ఆ ఆలోచించడం చూస్తుంటే నాకే భయమేసింది. తరవాత వంగి పుస్తకం తీసింది. చివరి పాఠం తెరిచింది, సముద్రంలో ఓడలకు దారి చూపించే దీపస్తంభం గురించి. ఆ పిల్ల సముద్రం చూడలేదు, నేనూ చూడలేదు. చదవడం మొదలుపెట్టింది. మామూలుగా అయితే ఊపిరి తిప్పుకోకుండా చదివే పిల్ల, ఒక్కొక్క మాటా విడిగా, నెమ్మదిగా, మాట అయ్యాక కాసేపు ఆగి మరో మాట. ముందు నాకు అర్థం కాలేదు, తడబడుతోందేమో అనుకున్నాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. వత్తులు, పొల్లులు అన్నీ ఎక్కడివక్కడ. అప్పుడు తెలిసింది, పాఠం అయిపోకుండా చదువుతోంది. ఎంత ఆపి చదివితే అంతసేపు ఈ గదిలో ఉండొచ్చు. ఆయనకూ తెలిసినట్టుంది, తొందరపెట్టలేదు, నిలబడే విన్నారు. చదవకూడదని ఒట్టు పెట్టుకున్న మిగతా పిల్లలు కూడా ఒకరొకరే పుస్తకాలు తీశారు. పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడు జయ వేలు తడి చేసుకుని, చాలాసేపు ఆ కాగితం అంచు వెతికింది. దీపస్తంభం మీద మనిషి దీపం వెలిగించాడు, ఓడ ఒడ్డుకు వచ్చింది, పాఠం అయిపోయింది.

"ఏమన్నా అడగాలని ఉందా పాఠంలో?" అన్నారాయన.

"ఆ దీపం కాడ ఉండే ఆయనకి కూడు ఎవరు తీసుకుపోతారండీ? చుట్టూ నీళ్లే గదా."

ఆయనకు తెలియదు. తెలియదని మొహం చూస్తే తెలిసింది, ఆయనా దాచుకోలేదు. "ఈ పుస్తకంలో లేదమ్మా అది."

"మళ్లీ మొదట్నించి చదవనాండీ?" అంది జయ, పుస్తకం వెనక్కి తిప్పుతూ.

"వద్దమ్మా. ఇక నువ్వు తర్వాతి పుస్తకం చదవాలి."

"ఎక్కడండీ?"

ఎదురు చెప్పినట్టు అనలేదు, తెలుసుకుందామని అడిగింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, నా కుర్చీలో కూర్చున్నారు. రిపోర్టు కాగితం ముందు పెట్టుకుని ఒకసారి గది ఈ మూల నుంచి ఆ మూలకు చూశారు.

"అమ్మా, ఈ గదిలో మూడు తరగతులకే చోటు లేదు" అన్నారు, కాగితం మీదికి వంగుతూ. "నాలుగో తరగతిని ఎక్కడ కూర్చోబెడతారు? అది కూడా రాయాలి నేను."

అప్పటికే జయ తన పలకా పుస్తకమూ తీసుకుని, మూడో తరగతి వరసలోంచి బయటికి వచ్చి, గుమ్మం పక్కన ఎవరూ లేనిచోట ఒక్కతే కూర్చుంది.